కర్నూలు, కడప, అనంతపురం: మాట వినిపించే బార్ల కోసం

రాయలసీమ పట్టణాల్లో బార్లకు కొరత లేదు. ఇద్దరు మనుషులు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగే బార్లు, గ్లాసులో పోసినదేమిటో నమ్మకంగా తెలిసే బార్లు మాత్రం వెతుక్కుంటేనే దొరుకుతాయి. వ్యాపారం పని మీద కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు, అక్కడి నుంచి తాడిపత్రి దారిలో అనంతపురానికి తిరిగే మా బావకూ నాకూ సాయంత్రాలు లాడ్జి గదిలో టీవీ చూస్తూ గడపడం రుచించదు. అలాగని పొద్దుపోయేదాకా తాగే ఓపికా లేదు. రెండు పెగ్గులు, ఒక వంటకం, గంటన్నర మాటలు మాకు చాలు కనుక, తక్కువ ఖర్చుతో ఎక్కువ మత్తు కోరేవారికి ఇక్కడి తీర్పులు పెద్దగా ఉపయోగపడవు.

ఇలాంటి చోట్లు మన వైపు అరుదుగా ఉండటానికి చరిత్రలో కొంత కారణం కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధం మరుసటి ఏడాదికే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. ఆ తరువాతి తరంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన మహిళల ఉద్యమం ఫలితంగా 1993లో సారా, 1995 జనవరిలో మద్యం మొత్తం నిషేధానికి గురై, 1997లో ఆ నిషేధం తొలగింది. 2019 అక్టోబరు నుంచి చిల్లర దుకాణాలను ప్రభుత్వమే నడిపిన అయిదేళ్లలో తెలిసిన బ్రాండ్లు చాలావరకు కనుమరుగై, ఎన్నడూ వినని పేర్లు అల్మరాలకెక్కాయి. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాక పాత సీసాలు తిరిగి కనిపించసాగాయి. విధానం మారినప్పుడల్లా లైసెన్సులూ యజమానులూ మారే చోట, ఒక బారు తనదంటూ ఒక తీరును, నాలుగు తెలిసిన ముఖాలను కూడబెట్టుకోవడం కష్టం. బెంగళూరు సెయింట్ మార్క్స్ రోడ్డులోని పాత రెస్టారెంటు బారు కోశీస్‌లో తండ్రి కూర్చున్న బల్ల దగ్గరే కొడుకు కూర్చోవడం వింత కాకపోవచ్చు గానీ, మన ఊళ్లలో పదేళ్లు నిలిచిన బారే పాత బారు.

కర్నూలులో బస్టాండు పరిసరాల ఏసీ బార్లను మేము త్వరగానే వదిలేశాము. నల్లటి అద్దాలు, గోడకొక టీవీ, టీవీకొక ఛానెల్, కూర్చోగానే 'ఏం తెమ్మంటారు సార్' అంటూ నిలబడి చూసే కుర్రవాడు: అక్కడ ఏర్పాటంతా బల్లను త్వరగా ఖాళీ చేయించడానికే. రాజ్ విహార్ కూడలి నుంచి కొండారెడ్డి బురుజు వైపు నడిచే దారుల్లో, పాతకాలపు లాడ్జీలకు మొదటి అంతస్తులో ఉన్న రెస్టారెంటు బార్లు ఇందుకు భిన్నంగా ఉంటాయి. కింద భోజనశాల నడుస్తున్నందున వీటికి బారు ఆదాయమొక్కటే దిక్కు కాదు. పైకి వచ్చేవారిలో సగం మంది అదే లాడ్జిలో దిగినవారు కనుక తొందరా ఉండదు. వాటిలో ఒకటి మాకు బాగా నచ్చింది. దాని పేరు రాస్తే వచ్చేసారి కిటికీ పక్కన బల్ల దొరకదని మా బావ పట్టుబట్టినందువల్ల ఆనవాళ్లతో సరిపెడుతున్నాను.

అక్కడ బల్లల మధ్య మనిషి సులువుగా నడిచేంత దూరం ఉంది. దీపాలు పసుపు రంగులో, మెనూ చదవగలిగేంత వెలుతురుతో ఉన్నాయి. టీవీ ఒకటే ఉంది. మేము అడగకముందే 'సౌండు తీసేయమంటారా అన్నా' అని అడిగిన సర్వరు ఆ తరువాత పిలిస్తేనే వచ్చాడు. ఈ ఒక్క గుణానికే నేను సగం మార్కులు వేస్తాను. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు హాలు ప్రశాంతంగా ఉంటుంది, ఆ తరువాత గుంపులు మొదలవుతాయి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున ఈ లెక్క పనిచేయదు.

మద్యం నాణ్యత విషయంలో ఆ బారు పద్ధతి శుభ్రంగా ఉంది. విడిగా పెగ్గు అడిగితే కొలత గిన్నెతో మన ముందే 30 లేదా 60 మిల్లీలీటర్లు పోస్తారు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ అడిగితే సీలు వేసిన సీసాను బల్ల మీద పెట్టి, మూత మీది ఎక్సైజ్ లేబుల్ చూపించి మరీ తెరుస్తారు. 2025 అక్టోబరులో ములకలచెరువు నకిలీ మద్యం వ్యవహారం బయటపడిన తరువాత ఈ లేబుల్ చూడమని అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు. లోపలి నుంచి గ్లాసులో పోసి తెచ్చే బారులో బీరు తప్ప మరేదీ అడగకపోవడం మంచిది. ఐసు కూడా చూసుకోవలసినదే: ఫ్యాక్టరీ దిమ్మను పగలగొట్టిన ఐసు పొడి క్షణాల్లో కరిగి మంచి విస్కీనైనా నీళ్ల పాలు చేస్తుంది, పెద్ద ముక్కలైతే నిదానంగా చల్లబరుస్తాయి. ఇక్కడ ముక్కలే ఇచ్చారు, సోడా కూడా ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసినది.

మన మార్కెట్‌లో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదానిలో అధికభాగం మొలాసిస్ (చెరకు మడ్డి) లేదా ధాన్యం నుంచి తీసిన స్పిరిట్‌కు కొద్దిగా మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) విస్కీ కలిపి 42.8 శాతం ఆల్కహాలుకు తెచ్చినదే కనుక, సోడా, నిమ్మచెక్క దానికి మేలే చేస్తాయి. ఆ బారులో అమృత్ సింగిల్ మాల్ట్ కూడా ఉంది. బెంగళూరు డిస్టిలరీ బార్లీ మాల్ట్ నుంచే తయారు చేసి 2004లో మొదటగా గ్లాస్గోలో అమ్మకానికి పెట్టిన విస్కీ ఇది. స్కాట్లాండులో చెక్క పీపాలో నిల్వ ఉంచిన సరుకు ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైతే, దక్కను వేడిలో పది శాతం దాటుతుంది. అందువల్ల తక్కువ ఏళ్లలోనే చెక్క రుచి గాఢంగా దిగుతుంది. దీనికి రెండు చుక్కల నీళ్లు చాలు, సోడా పోస్తే డబ్బు దండగ. రెడ్ వైన్ మాత్రం వద్దు. దాన్ని గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న నియమాన్ని సర్వరు అక్షరాలా పాటించాడు, గది కర్నూలుదన్న సంగతి నియమం రాసినవారికి తెలియదు.

తినడానికి ఉడకబెట్టిన బుడ్డల్లో (వేరుశనగల్లో) ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి ఇచ్చారు. దానికి మించిన జోడు మాకు దొరకలేదు. లివర్ ఫ్రై బాగుంది గానీ కారం నాలుకను మొద్దుబారుస్తుంది, మాల్ట్ తాగేటప్పుడు వద్దు. బిల్లు రెండు భాగాలుగా వచ్చింది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానిపై రాష్ట్ర పన్నే ఉంటుంది. తిండి మీద అయిదు శాతం జీఎస్టీ పడుతుంది. మొత్తం బిల్లు మీద జీఎస్టీ వేసిన కాగితాన్ని మరో ఊరి బారులో వెనక్కి పంపవలసి వచ్చింది. సర్వీస్ చార్జి మన ఇష్టం మీద ఆధారపడినదేనని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. ఇక్కడ అది వేయలేదు, మేమే సర్వరుకు టిప్పు ఇచ్చాము.

కడపలో మాకు తృప్తి కలగలేదు. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల చూసిన బార్లలో ఏకాంతం పేరుతో ప్లైవుడ్ క్యాబిన్లు కట్టి తెరలు వేశారు. గాలి ఆడదు, పక్క క్యాబిన్ మాటలు మాత్రం ఆడతాయి. గ్లాసులకు కడిగిన సబ్బు వాసన వదలలేదు. చల్లటి లాగర్ బీరు ఒక్కటి పంచుకుని బయటపడి, వీధి బండి దగ్గర కారం దోశ తిన్నాము. ఆ దోశ కోసమైతే కడపలో ఒక రాత్రి ఆగవచ్చు.

అనంతపురం బెంగళూరుకు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే ఉండటం వల్ల అక్కడి పోకడలు త్వరగా చేరతాయి, వాటిలో మొదట చేరినది పెద్ద శబ్దంతో పాటలు. టవర్ క్లాక్ వైపు ఒక రూఫ్‌టాప్‌లో గాలి హాయిగా వీచినా, స్పీకర్ల కింద మా బావ చెప్పిన మాట నాకు రెండోసారి గానీ వినిపించలేదు. జిన్ను ఉంది, దానితో ఇచ్చినది తీపి నిమ్మ సోడా. జిన్నులో కలిపే చేదు సోడా, టానిక్ వాటర్ అడిగితే అయిపోయిందన్నారు. దీనికంటే హైవేకు దగ్గరలోని ఒక మధ్యతరగతి హోటల్ కింది అంతస్తు బారు మేలు. అలంకరణ ఏమీ లేదు గానీ కుర్చీలు మెత్తగా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నాయి, భార్యాభర్తలు వచ్చి కూర్చున్నా ఎవరూ తలతిప్పి చూడలేదు. ఈ చివరి విషయంలో కర్నూలు బారు కూడా దీనికి సాటిరాదు.

బస గురించి ఒక మాట. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాలు ఉండగా బండి నడిపితే మొదటిసారికే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు కనుక, మేము బారును ముందు ఎంచుకుని దానికి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకుంటాము. అనంతపురం హోటల్లో గది బారుకు పైనే ఉన్నా శబ్దం పైకి రాలేదు. హైవే వైపు గదుల్లో రాత్రంతా లారీల మోత ఉంటుంది, వెనక వైపు గది అడిగితే అదే అద్దెకు ఇస్తారు. ఉదయం ఏడింటికే ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ సిద్ధంగా ఉంటాయి.