కోల్ నిద్రే: గడిచిన ఏడాది మొక్కులకా, రాబోయే ఏడాదివాటికా?

యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్. ఆ సాయంత్రం సినగాగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) చదివే మొక్కుల రద్దు ప్రకటన కోల్ నిద్రేకు రెండు పాఠాలు (రూపాలు) ఉన్నాయి. పాతది 9వ శతాబ్దపు యూదు మతపండితుడు అమ్రామ్ గావోన్ ప్రార్థనా సంకలనంలో కనిపిస్తుంది. పోయిన యోమ్ కిప్పూర్ నుంచి ఇప్పటిదాకా మొక్కుకుని నిలుపుకోలేకపోయినవాటిని రద్దు చేయమంటుంది. (విచిత్రమేమంటే, ఇది తెలివితక్కువ ఆచారమనీ అందులోనే రాసుంది.) రెండోది 12వ శతాబ్దంలో ఫ్రాన్సు పండితుడు రబ్బేను తామ్ బలపరిచింది. వచ్చే యోమ్ కిప్పూర్ దాకా చేయబోయే ఒట్లు చెల్లవని ముందే చెప్పిపెట్టుకోవడం.

పాత పాఠంపై రబ్బేను తామ్ అభ్యంతరం ధర్మశాస్త్రపరమైనది. మొక్కు తీసేయాలంటే మొక్కినవాడు పశ్చాత్తాపపడి, అదేమిటో ముగ్గురి ముందు చెప్పాలి. అందరికీ కలిపి ఒక్కసారి పాడేస్తే కుదరదు. వాదన గట్టిదే కానీ, కాలం మార్చినా క్రియలు భూతకాలంలోనే మిగిలాయి, అతుకు తెలిసిపోతుంది. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) ఎక్కువగా రెండోదే చదువుతారు. సెఫార్దీల్లో (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదుల్లో) చాలామంది రెండు కాలాలనూ కలుపుతారు.

ఏ పాఠమైనా సూర్యాస్తమయానికి ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే పండుగ వచ్చేశాక సాధారణంగా మొక్కులు రద్దు చేయరు. తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలు పట్టుకున్న ఇద్దరి మధ్య నిలబడి గాయకుడు మూడుసార్లు చదువుతాడు. సాటి మనిషికిచ్చిన మాట, తీర్చాల్సిన అప్పు మాత్రం ఏ పాఠంతోనూ కొట్టుకుపోవు.