గ్లోబు, గోడపటం, అట్లాసు, గూగుల్ ఎర్త్: సోషల్ క్లాసుకు ఏది మేలు?

సోషల్ చెప్పే టీచర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏదో ఒక్కటే కొనిస్తామంటున్నారు. గ్లోబు అడగాలా, పెద్ద గోడపటం అడగాలా, ఆ డబ్బు ప్రొజెక్టరుకు పెట్టి గూగుల్ ఎర్త్ చూపించడం నయమా?" కొత్తగా చేరినవాళ్లూ అడుగుతారు, ఏళ్ల తరబడి చెబుతున్నవాళ్లూ అడుగుతారు. అట్లాసు పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. అది ఎలాగూ ఎక్కడో ఉంటుందిలే అనుకుంటారో, దాని కాలం అయిపోయిందనుకుంటారో తెలియదు. నా ఓటు దానికే. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతావాటి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవచ్చు.

వీటిని పోల్చేటప్పుడు అందరూ చూసేవి ఖరీదు, మన్నిక, ఎంత తాజా సమాచారం ఉంది, పిల్లలకు ఎంత ఆకర్షణగా ఉంది అన్నవి. ఇవన్నీ చూడాల్సినవే. నేను మాత్రం ముందుగా ఇంకోటి చూస్తాను: వెతికే పని ఎవరు చేస్తున్నారు? పిల్లవాడా, టీచరా, యంత్రమా? భూగోళంలో ఒక చోటు ఎక్కడుందో తెలుసుకోవడం కన్నా దాన్ని వెతుక్కుంటూ వెళ్లే దారిలోనే ఎక్కువ నేర్చుకుంటారు. ఆ దారి తగ్గిపోయిన కొద్దీ, ఎంత ఖరీదైన సాధనమైనా వట్టి బొమ్మలు చూపించే పెట్టె అయిపోతుంది.

గ్లోబుతో మొదలుపెడదాం. దాని పని ఇంకేదీ చెయ్యలేదు, అందులో వాదన లేదు. రాత్రీ పగలూ, రుతువులు, 23.5 డిగ్రీల వంపు, అంతర్జాతీయ దినరేఖ ఇవన్నీ గ్లోబూ టార్చిలైటూ లేకుండా చెబితే పిల్లలు తల ఊపుతారు గానీ మనసుకెక్కదు. దూరాలు కూడా అంతే. ఒక దారం తీసుకుని దుబాయ్ మీద ఒక కొస, లాస్ ఏంజెలెస్ మీద రెండో కొస పెట్టి బిగుతుగా లాగమనండి. చదునైన పటం మీద స్కేలు పెట్టి గీత గీస్తే అది ఉత్తర ఆఫ్రికా మీదుగా అట్లాంటిక్ దాటి వెళ్తుంది. గ్లోబు మీద దారం మాత్రం రష్యా మీదుగా పైకెక్కి, ఉత్తర ధ్రువం దగ్గర్నుంచి కెనడాలోకి దిగుతుంది. విమానం అంత చలిలోకి ఎందుకు పోతుందని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అదే దారాన్ని స్కేలు మీద పెడితే లెక్క కూడా తేలుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కిలోమీటర్లు. దారం 31, 32 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. అసలు దూరం దాదాపు 13,400 కిలోమీటర్లు. సరిపోయింది కదా.

గ్లోబుతో చిక్కల్లా దాని చుట్టూ నలుగురైదుగురు మించి పట్టరు. వెనక బెంచీవాళ్లకు నీలంగా ఒక బంతి కనిపిస్తుంది, అంతే. పైగా సగం ప్రపంచం ఎప్పుడూ అవతలివైపే ఉంటుంది. ఊళ్లూ నదులూ రాయడానికి చోటుండదు. కొండలు ఉబ్బెత్తుగా ఉండే గ్లోబుల మీద కొందరికి మోజు. వాటి గురించి ఒక్కమాట: ఆ 30 సెంటీమీటర్ల గ్లోబు మీద ఎవరెస్టును అసలు కొలతతో చూపిస్తే 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, వేలికి తగలదు. చేతికి తగిలే ఆ బుడిపెలన్నీ ఎత్తును ఎన్నో రెట్లు పెంచి పోసినవే. అది పిల్లలకు చెప్పి చూపిస్తే ఇబ్బంది లేదు, చెప్పకుండా చూపిస్తేనే తప్పు. నన్నడిగితే మామూలు గ్లోబు ఒకటి, దాంతోపాటు గాలి ఊదుకునే ప్లాస్టిక్ గ్లోబులు రెండు మూడు ఉంటే చాలు. చేతులు మారుతూ తిరుగుతుంటాయి, కిందపడ్డా భయం లేదు.

గోడపటానికి ఉన్న పెద్ద బలం, అది ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది. లెక్కల పీరియడ్‌లో దిక్కులు చూసే పిల్లవాడు కూడా మడగాస్కర్ ఎక్కడుందో తనకు తెలియకుండానే నేర్చుకుంటాడు. ఈ లాభాన్ని తక్కువగా చూడకూడదు.

అయితే గోడకు ఏ ప్రొజెక్షన్ వేలాడుతోందన్నది చాలా ముఖ్యం. ప్రొజెక్షన్ అంటే గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి దించే పద్ధతి. పటాలు గీసే మెర్కేటర్ 1569లో తన పేరుతో నిలిచిపోయిన పటం గీసింది ఓడలు నడిపేవాళ్ల కోసం. దాని మీద గీసిన సరళరేఖను పట్టుకుని, దిక్సూచి కోణం మార్చకుండా పోవచ్చు. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ భూమిని సాగదీయాల్సి వచ్చింది. అందుకే అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి గ్రీన్‌లాండ్ 21.6 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 3 కోట్ల పైచిలుకు. పద్నాలుగు రెట్లు తేడా! ఏ దేశం పెద్దది, ఏది చిన్నది అన్న ఊహ చిన్నప్పుడే స్థిరపడుతుంది కాబట్టి, ఏళ్ల తరబడి కళ్లముందుండే పటం మెర్కేటర్ కాకుండా చూసుకోండి. పటం అంచున ప్రొజెక్షన్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. రాబిన్సన్, వింకెల్ ట్రిపెల్ అని ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. 1998 నుంచి నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ప్రపంచ పటాలకు వాడుతున్నది వింకెల్ ట్రిపెలే. వైశాల్యాలు కచ్చితంగా కావాలంటే 2018లో వచ్చిన ఈక్వల్ ఎర్త్ ఉంది. ఆ గోడపటాన్ని దాని రూపకర్తలు ఉచితంగానే అందిస్తున్నారు, ప్రింటు తీయించుకోవడమే.

పటం పాతబడిపోతుందన్న బెంగ చాలామందికి ఉంటుంది. దక్షిణ సూడాన్ 2011లో వచ్చింది, స్వాజిలాండ్ 2018లో ఎస్వాతినీ అయింది, మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియా అయింది. నిజమే. కానీ కజకిస్తాన్ రాజధానిని చూడండి: 2019లో అస్తానా పేరును నూర్-సుల్తాన్ అని మార్చారు, 2022లో మళ్లీ అస్తానా చేశారు. ఈ ఒక్క పేరు వరకు 2018లో అచ్చయిన పటం ఇవాళ్టికి సరిగ్గానే ఉంది, 2020లో కొత్తదని కొన్నది తప్పయిపోయింది! సోవియట్ యూనియన్ ఉన్న పటం ఎక్కడైనా బీరువాలో దొరికితే పారెయ్యకండి. కొత్తదాని పక్కన అది పెట్టి, ఎక్కడెక్కడ తేడాలున్నాయో పట్టుకోమంటే చరిత్ర పాఠం దానంతట అదే నడుస్తుంది.

ఇక గూగుల్ ఎర్త్. 2005లో అది వచ్చినప్పటి నుంచీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కొన్ని పాఠాలకు దాన్ని మించింది లేదు. టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలు వరుసగా కదులుతాయి. మధ్య ఆసియాలోని అరల్ సముద్రం మీద పెట్టి నడిపించండి. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు అది. 1960ల నుంచి పత్తి సాగు కోసం అము దరియా, సిర్ దరియా నదుల నీళ్లు మళ్లించేసరికి ముక్కలు ముక్కలై ఎలా ఎండిపోయిందో తెర మీద కొన్ని సెకన్లలో కళ్లకు కడుతుంది. 2014 నాటికి దక్షిణ అరల్ తూర్పు భాగంలో నీళ్లే లేవు. ఒకప్పటి చేపల రేవు మొయ్‌నాక్‌లో పడవలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. ఏ అట్లాసూ ఈ కదలికను చూపించలేదు. హిమానీనదాలు వెనక్కి తగ్గడం, అమెజాన్ అడవి కొట్టివేత, నగరాలు విస్తరించడం, వీటన్నిటికీ తెరే కావాలి.

మరి నా అభ్యంతరమల్లా దాని వెతుకుపెట్టె (సెర్చ్ బాక్స్) తోనే. "టింబక్టు" అని కొట్టగానే భూమి గిర్రున తిరిగి, కెమెరా అమాంతం దిగి, మట్టి ఇళ్ల కప్పుల మీద వాలుతుంది. పిల్లలు "వావ్" అంటారు. ఆ ఊరు ఏ ఖండంలో ఉంది, చుట్టూ ఏ దేశాలున్నాయి, దగ్గర్లో నది ఉందా అని వెంటనే అడిగి చూడండి. సగం మందికి ఖండం కూడా తెలియదు, ఎందుకంటే తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. దారంతా యంత్రం నడిచింది, వాళ్లు చేరడం ఒక్కటే చేశారు. జూమ్ మారినప్పుడల్లా పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి, స్కేలు మారుతుంటుంది. తాము ఎంత ఎత్తులో ఉన్నారో, ఎంత మేర చూస్తున్నారో పట్టు చిక్కదు. పైగా మౌస్ ఒకరి చేతిలోనే ఉంటుంది, మిగతా క్లాసంతా ప్రేక్షకులే.

దీనికి విరుగుడు లేకపోలేదు. వెతుకుపెట్టె జోలికి పోకుండా, మ్యాప్ స్టైల్‌లో పేర్లూ సరిహద్దులూ తీసేసి, ఉత్త అక్షాంశ రేఖాంశాలు చెప్పి అక్కడికి తీసుకెళ్లమనండి. నది ఒడ్డు పట్టుకుని, తీరం వెంబడి నడిపించమనండి. అప్పుడు గూగుల్ ఎర్త్ కూడా అట్లాసులా పనిచేస్తుంది.

అదే టింబక్టును అట్లాసులో వెతకమంటే ఏం జరుగుతుందో చూడండి. ముందు వెనక్కి తిప్పి సూచిక తియ్యాలి. అక్షరక్రమంలో పేరు పట్టుకోవాలి. పేజీ నంబరు, గడి గుర్తు (C4 లాంటిది), లేదా 16°46′ ఉత్తరం, 3° పడమర అని ఉంటుంది. ఆ పేజీకి పోయి ఒక వేలు పైనుంచి కిందికీ, ఇంకో వేలు పక్కకీ జరుపుకుంటూ రావాలి. రెండు వేళ్లూ కలిసేచోట పశ్చిమ ఆఫ్రికా, మాలి దేశం, సహారా అంచు. పక్కనే నీలిగీత, నైజర్ నది. ఇక్కడే అసలు పాఠం మొదలవుతుంది. ఆ గీతను వెనక్కి పట్టుకుపోతే గినీ కొండల్లో తేలుతుంది. అక్కడినుంచి అట్లాంటిక్ సముద్రం 240 కిలోమీటర్లే. అంత దగ్గర్లో సముద్రం పెట్టుకుని ఆ నది దానికి వీపు తిప్పి, ఈశాన్యంగా ఎడారి వైపు పోతుంది. టింబక్టు దాకా వచ్చి ఒంపు తిరిగి, దక్షిణానికి మళ్లి, మొత్తం 4,180 కిలోమీటర్లు ప్రవహించి నైజీరియాలో సముద్రంలో కలుస్తుంది. వేలితో గీత వెంబడి వెళ్తున్న పిల్ల ఒంపు దగ్గర ఆగి "ఇదేంటి, ఇటు పోతుంది?" అంటుంది. ఆ ప్రశ్న మనం అడిగించింది కాదు.

ఆ ప్రశ్న ఐరోపా వాళ్లను చాలాకాలం తిప్పలు పెట్టింది కూడా. నది తూర్పుకు పారుతోందని స్కాట్లాండ్ యాత్రికుడు ముంగో పార్క్ 1796లో కళ్లారా చూశాడు గానీ, చివరికి ఎక్కడ కలుస్తుందో తేల్చలేక 1806లో ఆ నదిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంగ్లండు యాత్రికులు లాండర్ అన్నదమ్ములు 1830లో సముద్రం దాకా వెళ్లి తేల్చారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు తెలిసిన నదిని బయటివాళ్లు 'కనుక్కోవడం' ఏమిటన్న చర్చ ఇక్కడ పెడితే అది పూర్తిగా సోషల్ పాఠమే. ఒక ఊరి పేరు వెతకబోయి ఇంత దూరం వచ్చాం.

అట్లాసులో నాకు నచ్చే రెండో సంగతి, వర్షపాతం పటం, జనసాంద్రత పటం పక్కపక్క పేజీల్లో ఉండటం. వానలు పడేచోటే జనం ఎక్కువ ఉంటారని పిల్లలు తొందరపడి సూత్రం కడతారు. కట్టనివ్వండి. తరవాత ఈజిప్టు చూపించండి: వాన దాదాపు లేదు, నైలు లోయలోనూ డెల్టాలోనూ జనం కిక్కిరిసి ఉన్నారు. అమెజాన్ చూపించండి: వానకు లోటులేదు, మనుషులు పలచగా ఉన్నారు. సూత్రాన్ని వాళ్లే సవరించుకుంటారు. రెండు పేజీల మధ్య అటూ ఇటూ చూపు తిప్పుకోవడం తెర మీద రెండు ట్యాబులు మార్చుకున్నంత చిరాగ్గా ఉండదు.

లోపాలు లేవని కాదు. పేజీ పేజీకీ స్కేలు మారిపోతుంది. జపాన్‌కు ఒక పేజీ, కెనడాకు ఒక పేజీ. కెనడా జపాన్‌కు 26 రెట్లు పెద్దదని ఆ పేజీలు చూసి ఎవరూ అనుకోరు. ప్రతి పటం తెరవగానే ముందు స్కేలు చదివించడం అలవాటు చెయ్యాలి, అనుమానం వస్తే గ్లోబు దగ్గరికి పంపాలి. మధ్య కుట్టులో ఊళ్లు ఇరుక్కుపోతుంటాయి. అక్షరాలు చిన్నవి. ఇద్దరికి ఒకటి చొప్పున కావాలి కాబట్టి మొత్తం కలిపితే ఖర్చు గ్లోబు కన్నా ఎక్కువే పడొచ్చు.

మిగతావి క్లుప్తంగా. ఉబ్బెత్తు నమూనాలు చూపించడం కన్నా పిల్లల చేత చేయించడమే మేలు. వీడియోలు అగ్నిపర్వతాలకూ ఉప్పెనలకూ బాగుంటాయి, పది నిమిషాలు దాటితే నిద్రే. ఫొటోలో ఉన్న చోటు ఎక్కడిదో ఊహించే జియోగెస్సర్ లాంటి ఆటలు శుక్రవారం ఆఖరి పీరియడ్‌కు. వీఆర్ కళ్లద్దాల గురించి అడక్కండి. దేశాల ఆదాయాలు, జీవన ప్రమాణాలు చెప్పాలంటే గ్యాప్‌మైండర్ అనే సంస్థ వాళ్ల డాలర్ స్ట్రీట్ వెబ్‌సైటు ఒక్కటి మాత్రం విడిగా చెప్పుకోదగ్గది. రకరకాల ఆదాయాల వాళ్ల ఇళ్లలో పొయ్యి, మంచం, పళ్లు తోముకునే బ్రష్షు ఎలా ఉంటాయో ఫొటోల్లో చూపిస్తుంది. పేదరికం అన్నది ఏ దేశంలోనైనా ఒకేలా కనిపిస్తుందని పిల్లలే గమనిస్తారు.

కాబట్టి ఒక్కటే కొనిస్తామంటే అట్లాసులు అడగండి, వాటితోపాటు నింపుకోవడానికి ఖాళీ అవుట్‌లైన్ మ్యాపులు. రెండు కొనిస్తామంటే గ్లోబు. గోడపటం ఎలాగూ ప్రింటు తీయించుకోవచ్చు. తెర ఇప్పటికే ఉంటే మార్పు చూపించే పాఠాలకు దాన్ని అట్టేపెట్టుకోండి. చిన్న తరగతులకైతే ఈ వరస తిరగేసి గ్లోబుతోనే మొదలుపెట్టాలి, సూచిక చదివే వయసు వచ్చాకే అట్లాసు.

అట్లాసు ఎంచుకునేటప్పుడు జెండాలూ జంతువుల బొమ్మలూ ఎన్నున్నాయో చూడొద్దు. భౌతిక పటాలు, రాజకీయ పటాలు విడివిడిగా ఉన్నాయో లేదో, ప్రతి పటం మీదా స్కేలు ఉందో లేదో చూడండి. తరవాత చివరి పేజీలు తిప్పండి. సూచిక లేకపోతే, ఉన్నా గడి గుర్తులు ఇవ్వకుండా ఉత్త పేజీ నంబర్లతో సరిపెట్టి ఉంటే, ఎంత తక్కువకు ఇస్తామన్నా తీసుకోవద్దు.