క్యాపిలరీ ఫ్లో సెల్ కిట్: సెల్‌కి 4, గొట్టాలకి 1

క్వార్ట్జ్ క్యాపిలరీ (ఉత్ప్రేరకం పొడి నింపే సన్నటి గొట్టం), కింద వేడిగాలి బ్లోయర్, పక్కన గ్యాసులు మార్చే నాలుగు దారుల వాల్వ్. ఉత్ప్రేరకం పనిచేస్తుండగానే ఎక్స్‌రే శోషణ కొలవడానికి వాడే ఈ కిట్‌లో సెల్‌కి (క్యాపిలరీ ఉన్న భాగానికి) 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు. గ్యాస్ తెచ్చే గొట్టాలకి 1 కూడా ఎక్కువే.

క్విక్ ఎక్సాఫ్స్ (ఎక్స్‌రే శోషణని చాలా వేగంగా కొలిచే పద్ధతి) బీమ్‌లైన్లో కిరణాల శక్తిని ఎంచే మోనోక్రొమేటర్ క్రిస్టల్ ఊగుతూ సెకనుకి 10, 20 స్పెక్ట్రాలు (శోషణ గ్రాఫులు) ఇచ్చేస్తుంది. గ్యాస్ మార్చి ఉత్ప్రేరకం ఎలా స్పందిస్తుందో చూడాలి కదా, ఆ గ్యాస్ మారడానికే 4 సెకన్లు పడితే ఆ వేగం ఎందుకు? కిట్‌లో వచ్చేది 2 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న మీటరు గొట్టం. అందులో పట్టేది 3.1 మి.లీ. నిమిషానికి 50 మి.లీ. ప్రవాహంలో పాత గ్యాస్ బయటికి పోవడానికి దాదాపు 3.8 సెకన్లు. దాన్ని పీకేసి 1 మి.మీ. గొట్టం 30 సెం.మీ. వేస్తే 0.3 సెకనులో పనైపోతుంది. ఉత్త ఆలస్యమైతే లెక్కలో తీసేయొచ్చు. దారిలో రెండు గ్యాసులూ కలిసి మార్పు మొద్దుబారితే మాత్రం తర్వాత బాగుచేసే దారి లేదు. ముందే ఉత్ప్రేరకం లేని ఉత్త అల్యూమినా పొడి నింపి, ఆర్గాన్ నుంచి హీలియంకి మార్చి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (ఏ గ్యాస్ ఎంతుందో చూపే పరికరం) మార్పు ఎంత పదునుగా ఉందో చూసుకోండి.

వాల్వ్ చకచకా తిరుగుతుంది, చిక్కల్లా ఒత్తిడితోనే. సెల్‌కి వెళ్లే దారి, బయటికి వదిలే దారి రెండింట్లో ఎదురు ఒత్తిడి (ప్రవాహానికి అడ్డుపడే ఒత్తిడి) సమానంగా లేకపోతే తిప్పిన క్షణంలో గ్యాస్ తన్ని పొడి కదులుతుంది, ఎడ్జ్ స్టెప్ (ఒక శక్తి దగ్గర శోషణ ఒక్కసారిగా పెరిగే ఎత్తు) దూకుతుంది. దాన్ని రసాయన మార్పనుకుని మురిసిపోయేవాళ్లకి కొదవలేదు. బయటికి వదిలే లైన్‌కి నీడిల్ వాల్వ్ (ప్రవాహాన్ని కొద్దికొద్దిగా సర్దే వాల్వ్) పెట్టి సరిచేయాలి. కిట్‌లో అది లేదు.

1 మి.మీ. క్యాపిలరీకి 50–100 మైక్రాన్లకి జల్లించిన పొడి సరిపోతుంది. మరీ సన్నదైతే ఒత్తిడి పెరుగుతుంది, ముతకదైతే కిరణాలు సందుల్లోంచి జారిపోతాయి. పొడికి రెండు వైపులా క్వార్ట్జ్ ఊల్ బిగువుగా కూరాలి. క్యాపిలరీ గోడ మందం ప్లాటినం ఎల్3 ఎడ్జ్ (ప్లాటినం శోషణ ఎగసే శక్తి, 11,564 ఎలక్ట్రాన్ వోల్ట్లు) దగ్గర 20 మైక్రాన్లున్నా ఫర్వాలేదు. సీరియం ఎల్3 (5,723) దగ్గర మాత్రం ఆ గోడలే కిరణాల్లో సగానికి పైగా మింగేస్తాయి, 10 మైక్రాన్లవి వాడాలి. అవి వేలు తగిలితే చిట్లుతాయి, ఎక్కువే దగ్గర పెట్టుకోండి.

కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ మార్చి మార్చి 20 ఆవృత్తాలు సగటు తీస్తే నాయిస్ నాలుగున్నర రెట్లు తగ్గుతుంది. ఉత్ప్రేరకం ఇంకా కుదురుకోని మొదటి ఆవృత్తాలని పారేయండి. వాల్వ్ తిరిగిన క్షణాన్ని డేటాలోకి పంపే ట్రిగ్గర్ సంకేతం ఇచ్చారు, అది నిజంగా మంచి పని.

వేడిని కొలిచే థర్మోకపుల్ క్యాపిలరీ బయటుంది, అది చూపేది పొడి అసలు వేడి కాకపోవచ్చు. అదే ప్రవాహంలో పొడిలోకి సన్నటి థర్మోకపుల్ దించి ఒకసారి పోల్చుకోండి. క్యాపిలరీని అతికించే ఎపాక్సీ జిగురు అతుకు బ్లోయర్ గాలికి దూరంగా ఉండాలి, వేడెక్కితే మెత్తబడి లీకవుతుంది.