మిక్సింగ్ యూనిట్‌కి ఏది కొనాలి: ఐ5 12400నా, రైజెన్ 5 5600నా?

పాలకొల్లులో మాది చిన్న మిక్సింగ్ యూనిట్. నరసాపురం, ఆచంట, రాజోలు వైపు ఫొటోగ్రాఫర్లు పెళ్లి ఫుటేజ్ హార్డ్ డిస్కుల్లో తెచ్చి పడేస్తారు, మేం ఎడిట్ చేసి ఇస్తాం. మా దగ్గర రెండు సిస్టమ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో ప్రాసెసర్ ఇంటెల్ కోర్ ఐ5 12400, రెండోదాంట్లో ఏఎండీ రైజెన్ 5 5600. ర్యామ్ రెండింటికీ 32 జీబీ డీడీఆర్4. రైజెన్‌కి సొంత గ్రాఫిక్స్ లేదు, గ్రాఫిక్స్ కార్డు పెట్టకపోతే మానిటర్ మీద బొమ్మే రాదు. అందుకని దానికి ఎన్విడియా జీటీఎక్స్ 1650 కార్డు తగిలించాం. ఐ5కి కార్డేమీ లేదు.

కొత్తగా యూనిట్ పెట్టే కుర్రాళ్లు "అన్నా, ఏది తీసుకోమంటావ్?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ల కోసమే ఇది. గేములు ఆడేవాళ్లకి లెక్క వేరు.

రెండూ 2022లో వచ్చినవే, ఇంటెల్‌ది జనవరిలో, ఏఎండీది ఏప్రిల్‌లో. రెండింటికీ 6 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). గరిష్ఠ వేగం కూడా ఒకటే, 4.4 గిగాహెర్ట్జ్. ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) మాత్రం రైజెన్‌కి 32 ఎంబీ, ఐ5కి 18. వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 టెస్టులో సింగిల్ కోర్ స్కోరు ఐ5కి 1,700 దరిదాపుల్లో, రైజెన్‌కి 1,500 దరిదాపుల్లో ఉంటుంది. మల్టీ కోర్‌లోనూ ఐ5 కొంచెం ముందే. యూట్యూబ్‌లో ఈ నంబర్ల మీద గంటలు గంటలు కొట్టుకుంటారు గానీ, టైమ్‌లైన్ ముందు కూర్చున్నవాడికి ఆ తేడా తెలియదు.

తెలిసేది వేరే చోట. ఇప్పుడు మా వైపు చాలామంది కెనాన్ ఆర్6, సోనీ ఏ7 4 లాంటి మిర్రర్‌లెస్ కెమెరాలకి మారిపోయారు. కలర్ బాగా లాగొచ్చని రంగుల వివరం ఎక్కువ ఉంచే 10 బిట్ 4:2:2లో, ఫైల్‌ని గట్టిగా కుదించే హెచ్.265లో తీసుకొస్తారు. ఆ ఫైల్ తెరవడం ప్రాసెసర్‌కి పెద్ద పని. ఐ5లో ఉన్న యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్‌లో దానికోసమే క్విక్ సింక్ అనే విడి భాగం ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎడియస్, ప్రీమియర్ రెండూ దాన్ని వాడుకుంటాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి, వీడియో డీకోడ్ (ఫైల్ తెరిచే పని) గ్రాఫ్ పైకి లేస్తుంది, కోర్లు తీరిగ్గా ఉంటాయి. రైజెన్ సిస్టమ్‌లో అదే క్లిప్ వేస్తే 12 థ్రెడ్లూ నూటికి చేరువవుతాయి. జీటీఎక్స్ 1650 ఉంది కదా అంటారేమో. అది రంగుల వివరం తక్కువుండే 4:2:0 హెచ్.265ని హాయిగా తెరుస్తుంది, 4:2:2 మాత్రం దానివల్ల కాదు. ఎన్విడియా కార్డుల్లో ఆ సౌకర్యం ఆర్టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది.

ఇక జీలకర్ర బెల్లం దగ్గర మూడు కెమెరాల ఫుటేజ్ పెట్టి మల్టీక్యామ్ కట్ చేయాలంటే రైజెన్ మీద ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోక తప్పదు. ప్రాక్సీలకి టైమూ కావాలి, డిస్కులో చోటూ కావాలి. మాఘమాసంలో ముహూర్తాలు వరసగా ఉన్నప్పుడు ఆ రెండూ మా దగ్గర ఉండవు. అందుకే 4:2:2 వచ్చిందంటే ఐ5 మీదికే వెళ్తుంది. పాత హెచ్.264, 8 బిట్ ఫుటేజ్ తెచ్చేవాళ్లూ ఇంకా ఉన్నారు. వాళ్ల పని రైజెన్ మీద ఎక్కడా ఆగదు.

ఎక్స్‌పోర్ట్ సంగతి ఇంకోలా ఉంటుంది. మా పెళ్లి వీడియోల్లో డ్రోన్ షాట్ అంటే కొబ్బరి తోటే. ప్రీ వెడ్డింగ్ అయితే దిండి దగ్గర గోదావరి, లేకపోతే అంతర్వేది బీచ్. కొబ్బరాకు గాలికి ఊగుతున్నప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య స్థిరంగా ఉండేది దాదాపు ఏమీ ఉండదు. వీడియో కంప్రెషన్ ఎక్కువగా మారని భాగాన్ని మళ్లీ రాయకపోవడం మీద నడుస్తుంది, ఇక్కడ మారనిదంటూ లేదు. బిట్‌రేట్ (సెకను వీడియోకి వాడే డేటా) తగ్గించి హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్‌తో, అంటే గ్రాఫిక్స్‌లోని విడి భాగంతో ఫైల్ రాయించి, బయటికి తీస్తే తోటంతా పచ్చటి గళ్లుగా ముద్దకట్టేస్తుంది, నీళ్ల మీద అలలదీ అదే తంతు. క్విక్ సింక్ అయినా, ఎన్విడియా కార్డులో అదే పని చేసే ఎన్‌వెంక్ అయినా అంతే. అందుకే వాట్సాప్‌లో పంపే టీజర్‌కి హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెడతాను. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చే ఫుల్ వీడియోకి ప్రీమియర్‌లో సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగే. ఆలస్యమవుతుంది, కానీ ఆకులు ఆకుల్లా కనిపిస్తాయి. ఈ పని కోర్ల మీద పడుతుంది కాబట్టి రెండు ప్రాసెసర్లూ ఇంచుమించు ఒకేసారి ముగిస్తాయి. దీనికోసమైతే ఏది కొన్నా ఒకటే.

వేడి గురించి కూడా చెప్పాలి. రెండింటి మీదా 65 వాట్స్ అనే రాసి ఉంటుంది. కానీ ఇంటెల్ తన లెక్కల్లోనే 12400కి గరిష్ఠం 117 వాట్స్ అని చెప్పింది. బోర్డు వదిలితే 65 దాటి తాగుతుంది. రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో రెండిటికీ బాక్సులో ఇచ్చే ఫ్యాన్లు గోల గోలగా తిరుగుతాయి. చిన్న టవర్ కూలర్ వేసుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. కరెంట్ పోయినప్పుడు మాత్రం కార్డు లేని ఐ5 సిస్టమే యూపీఎస్ మీద ఎక్కువసేపు నిలబడుతుంది.

మా గాలిలో తేమ ఎక్కువ, తీరం దగ్గరైతే ఉప్పు కూడా. ఏడాదికోసారైనా ఫ్యాన్ విప్పి దుమ్ము దులిపి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి లాగడానికి పూసే పేస్ట్ మార్చాల్సిందే. రైజెన్ కూర్చునే ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, పిన్ను వంగిందంటే టెన్షనే. విప్పే ముందు సిస్టమ్‌ని కాసేపు నడిపి వేడెక్కనివ్వండి. తర్వాత స్విచ్ కట్టేసి, స్క్రూలు తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లిగా తిప్పి లేపండి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి, ప్రాసెసర్‌ని క్లాంప్ పట్టుకుని ఉంటుంది కాబట్టి ఈ బాధ లేదు. దాని ఫ్యాన్‌కి ఉండే ప్లాస్టిక్ కాళ్లని మాత్రం మొరటుగా నొక్కొద్దు.

"ఇంటెల్‌వి కాలిపోతున్నాయంటగా?" అని కూడా అడుగుతున్నారు. 2024లో గొడవైంది 13, 14 తరాల ప్రాసెసర్ల గురించి. 12400 ఆ లెక్కలోకి రాదు.

నా ఓటు 12400కే. అయితే షాపులో 12400ఎఫ్ అంటగడతారు, కాస్త తక్కువకి వస్తుందని. ఎఫ్ ఉందంటే గ్రాఫిక్స్ లేనట్టే, క్విక్ సింక్ కూడా లేనట్టే. ఇంతసేపు చెప్పిన లాభమంతా అందులో పోతుంది. రైజెన్ 5600జీ అంటారా, గ్రాఫిక్స్ ఉంటుంది గానీ 4:2:2 తెరవదు, క్యాష్ కూడా 16 ఎంబీయే.

ఇప్పటికే ఇంట్లో ఏఎం4 సాకెట్ ఉన్న బీ450 బోర్డు, పాత రైజెన్ ఉన్నవాళ్లు మాత్రం ఇంటెల్ వైపు చూడొద్దు. బోర్డు, ర్యామ్ అలాగే ఉంచి 5600 ఒక్కటి కొనుక్కోండి, ప్రాక్సీలు చేసుకోండి. ప్రాసెసర్ మార్చకముందే, పాతది ఉండగానే బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, లేకపోతే కొత్తది పెట్టాక డిస్‌ప్లే రాదు. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డు పోయినట్టే, కాబట్టి యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో ముందే చూసుకోండి.