మారేడుమిల్లి ఎర్ర బురదలో ఏడు బళ్లు

ఆగస్టులో మారేడుమిల్లి వెళ్తున్నామంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట. "వానలు తగ్గాక వెళ్లొచ్చుగా, కార్తీకంలో ఎంచక్కా ఉంటుంది." నిజమే, కార్తీకంలో ఆ కొండలు చాలా బావుంటాయి. కానీ మేం వెళ్లిందే బురద కోసం. తారు రోడ్డు మీద ఎంత దూరం తోలినా బండి మనకి నేర్పేది కొంతే. వానాకాలం అడవి దారి ఒక్క పూటలో నేర్పేది దానికి పదింతలు.

మొత్తం ఎనిమిది మందిమి, ఏడు బళ్లు. నాలుగు ఎక్స్‌పల్స్ 200లు, రెండు హిమాలయన్లు (ఈ రెండు రకాలూ గతుకుల దారుల కోసం చేసిన మోటారుసైకిళ్లే), ఒక మామూలు స్ప్లెండర్. ఆ స్ప్లెండర్ మా మాస్టారిది. రంపచోడవరం వైపు స్కూళ్లలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. వానలో వాగు దాటి బడికి వెళ్లడం ఆయనకి రోజువారీ పని. అందుకే దారి చూపించే బాధ్యత ఆయనకే అప్పగించాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మొదట ఆ బండిని చూసి అనుమానపడ్డారు. మధ్యాహ్నానికల్లా దాని వెనకాలే చక్రం పెట్టి నడిపారు. 112 కిలోల బండి పడితే ఒక్కడే లేపుకోగలడు. హిమాలయన్ రెండొందల కిలోల దరిదాపు ఉంటుంది, అది బురదలో పడితే ముగ్గురు కావాలి. ఇలాంటి దారులకి కొత్తగా బండి కొనేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట బరువు గురించే, పవర్ గురించి కాదు.

రాజమండ్రిలో తెల్లారుజామున ఐదింటికి బయల్దేరి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం, అక్కణ్నుంచి మారేడుమిల్లి. ఎనభై, తొంభై కిలోమీటర్ల దూరం, రోడ్డు బాగుంది. గోకవరంలో ట్యాంకులు నింపుకోవడం మర్చిపోకండి. లోపలి పల్లెల్లో కిరాణా కొట్టు ముందు సీసాల్లో పెట్రోలు దొరుకుతుంది గానీ, దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు.

హైదరాబాద్ కుర్రాళ్లిద్దరూ బళ్లు అద్దెకి తీసుకున్నారు. ఆ అద్దె కొట్టు పేరు రాయను, జరిగింది మాత్రం చెప్పాలి. ముందురోజు రాత్రి చీకట్లో బండి అప్పజెప్పారు. పొద్దున్న చూస్తే ఒకదాని వెనక టైరు గోళ్లు అరిగి దాదాపు నున్నగా ఉంది. ఆ టైరుతోనే కుర్రాడు మొదటి గంటలో నాలుగుసార్లు పడ్డాడు. తిరిగి ఇచ్చేటప్పుడు గీతలు పడ్డాయని డిపాజిట్‌లో రెండు వేలు కోసుకున్నారు. బండి పగలు తీసుకోండి, టైర్లు చేత్తో తడిమి చూడండి, నాలుగు వైపులా వీడియో తీసుకోండి. బురద దారికి వెళ్తున్నామని ముందే చెప్పండి. దాచిపెడితే తర్వాత మాట్లాడటానికి మనకి నోరుండదు.

అసలు గుడిస కొండ వరకూ వెళ్లాలని మా ప్లాను. ఆకుమామిడికోట, పుల్లంగి మీదుగా వెళ్లే దారి అది. ఆ వారం వానలకి పైకి బళ్లు పంపట్లేదన్నారు. వాదించలేదు. పైన మబ్బు కమ్మితే పది అడుగుల ముందు ఏముందో కనిపించని కొండ అది. మాస్టారు తనకి తెలిసిన ఊళ్ల మధ్య దారుల్లోకి తిప్పారు. ఆ ఊళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, కారణం కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను కోనసీమవాణ్ని. గోదావరి వరద తీశాక లంకల్లో మిగిలే ఒండ్రులో బండి తోలుతూ పెరిగినవాణ్ని. బురద అంటే నాకు తెలుసనుకున్నాను. కానీ ఆ ఒండ్రు వేరు, ఈ ఎర్రమట్టి వేరు. మా బురద చక్రాన్ని కిందికి లాగుతుంది. బండి కూరుకుపోతుంది గానీ పడిపోదు. ఇక్కడ పైన అంగుళం మందాన జారుడు పేస్టు, కింద గట్టి నేల. చక్రం కూరుకోదు, పక్కకి జారుతుంది. పది నిమిషాల్లో టైరు గోళ్ల మధ్య సందులన్నీ మట్టితో పూడిపోయి, గుండ్రటి ఎర్ర చక్రం ఒకటి మిగులుతుంది. టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించాం, అప్పుడు కాస్త పట్టు దొరికింది. ముందు బ్రేకు మీద నుంచి వేళ్లు తీసేసి, రెండో గేరులో రేజ్ ఒకే తీరున పట్టుకుని, చూపు ముందు చక్రం మీద కాకుండా పదిహేను అడుగుల అవతల పెట్టాలి. చెప్పడానికి తేలికే. మొదటి ఎత్తులో మా బావ, కాకినాడ కుర్రాడు, నేను వరసగా పడ్డాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మోకాళ్లకి గార్డులు, కాళ్లకి పొడుగు బూట్లు ఉన్నాయి కాబట్టి. అవి లేకుండా వస్తానన్న ఒకర్ని ముందే ఆపేశాం, అది మంచిపనే అయింది.

మొదటి వాగు దగ్గర మాస్టారు బండి దిగి, వెదురుకర్ర పట్టుకుని నీళ్లలోకి నడిచారు. మేం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. అడుగు వెయ్యడం, కర్ర గుచ్చడం, ఆగడం. అవతలికి వెళ్లి, రెండు గజాలు పక్కకి జరిగి, మళ్లీ వేరే దారిలో వెనక్కి వచ్చారు. "లోతు కాదండీ చూడాల్సింది, లాగుడు చూడాలి" అన్నారు. మోకాలి లోతు నీరైనా వడి ఉంటే చక్రాన్ని పక్కకి తోసేస్తుంది. ఆయన ఇంకో మాట చెప్పారు, దాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. నిలబడి చూస్తుండగానే నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, పైన కొండలో వాన పడుతోందని అర్థం. మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే, ఆ నిమిషమే బయటికి వచ్చేయాలి.

ఆరు బళ్లు దాటాయి. ఏడోది వాగు మధ్యలో గుండ్రాయి ఎక్కి పక్కకి ఒరిగింది. కుర్రాడు ఇంజన్ ఆపే కిల్ స్విచ్ వేసేలోపే ఇంజన్ రెండు గుక్కల నీళ్లు మింగేసింది. నలుగురం దిగి లాక్కొచ్చాం. సెల్ఫ్ కొట్టబోతుంటే మాస్టారు గట్టిగా అరిచి ఆపారు. సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అక్కడితో బండి పని అయిపోతుంది. ముందు స్పార్క్ ప్లగ్ ఊడదీశాం. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి నీళ్లు దులిపాం. ముందు చక్రం ఆకాశంలోకి లేపి సైలెన్సర్‌లోంచి నీళ్లు వంచాం, గ్లాసుడు ఎర్రనీళ్లు వచ్చాయి. ప్లగ్ లేకుండానే సెల్ఫ్ కొడితే ఆ కన్నంలోంచి చిమ్మనగ్రోవిలా నీళ్లు చిమ్మాయి. ఇంజన్ ఆయిల్లో నీళ్లు కలిసి పాలరంగులోకి మారిందేమో చూశాం, మారలేదు. ప్లగ్ తుడిచి, లైటరుతో వేడిచేసి బిగించాం. మూడోసారికి అందుకుంది. గంటన్నర పట్టింది. ప్లగ్ స్పానర్ గుంపులో ఒక్కరి దగ్గరైనా ఉండాలి. మా ఏడు బళ్లకీ కలిపి ఒక్కటే ఉంది, అదీ మాస్టారిదే.

వాగు దాటాక ఒక ఎత్తు. మట్టి దారి, ఒక పక్క పోడు చేను, ఇంకో పక్క వెదుళ్లు. అక్కడ ఏడు బళ్లూ రేజ్ ఇచ్చి ఎక్కేసరికి దారి మధ్యలో జానెడు లోతు గాడి పడింది. పైకెళ్లి ఫొటోలు తీసుకుంటుంటే చేనులోంచి ఒక పెద్దాయన వచ్చారు. మాస్టారు తెలుసు కాబట్టి నవ్వుతూనే పలకరించారు. తర్వాత ఆ గాడి వైపు చూపించి, "బాబూ, రేపు సంతకి ఆటో రావాలండి. ఇందులో చక్రం దిగిందంటే ఇంక లేవదు. ఆడోళ్లు మూటలు నెత్తినెట్టుకుని నడవాల" అన్నారు. కోపంగా కాదు, వాన సంగతి చెప్పినట్టు చెప్పారు.

నాకు మొహం చెల్లలేదు. మేం సరదాకి ఎక్కిన ఎత్తు వాళ్లకి ఉన్న ఒకే ఒక్క దారి. ఉప్పు, బియ్యం, జ్వరమొచ్చిన పిల్లాడు, అన్నీ దాని మీదే పోవాలి. బళ్లు పక్కనపెట్టి రెండు గంటలు వాగులోంచి రాళ్లు మోశాం. పెద్దాయన ఇంటినుంచి రెండు వెదురు బుట్టలు తెచ్చిచ్చారు. అడుగున పెద్దరాళ్లు, పైన గులకరాళ్లు, మీద చెక్కుమట్టి వేసి తొక్కాం. మధ్యలో ఆయన మనవరాలు కాల్చిన మొక్కజొన్న పొత్తులు పట్టుకొచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ ఊరి పేరు రాయకపోవడానికి కారణం ఇదే. వచ్చే ఆదివారం ఇంకో పది బళ్లు ఆ ఎత్తు ఎక్కడం నాకు ఇష్టం లేదు. వెళ్లాలనుకుంటే ఆ ప్రాంతం తెలిసిన మనిషిని వెంటపెట్టుకుని, నాలుగైదు బళ్లకి మించకుండా వెళ్లండి. ఏడు ఎక్కువే.

ఇక బస సంగతి. మొదటి రాత్రి ఉన్నది రోడ్డు పక్క ప్రైవేటు లాడ్జి. గదికి 1,800. తడిసిన బట్టలు ఆరేసుకోవడానికి దండెం లేదు, వేడినీళ్లు బకెట్టుకి విడిగా డబ్బులు, ఫోన్‌లో చెప్పిన పార్కింగు వచ్చాక రోడ్డు మీద చూపించారు. రెండో రాత్రి వనవిహారికి మారాం. అటవీ శాఖ ఆధ్వర్యంలో, స్థానిక గిరిజన కుటుంబాలు కలిసి నడిపే కాటేజీలవి. గది సాదాగా ఉంటుంది, టీవీ లాంటివి ఆశించకండి. కానీ వరండా ఉంది. ఎనిమిది మంది బూట్లూ, జాకెట్లూ అక్కడ ఆరాయి. మట్టి కాళ్లతో వచ్చినా ఎవరూ మొహం చిట్లించలేదు, బళ్లు కడుక్కోవడానికి పైపు ఇచ్చారు. బురదలో తిరిగొచ్చినవాళ్లకి మెత్తటి పరుపు కన్నా వరండా, పైపు ముఖ్యం. అదీగాక మనం కట్టే డబ్బు ఆ ఊరివాళ్లకే చేరుతుంది. శని, ఆదివారాలకి ముందే బుక్ చేసుకోవాలి. దోమతెర గానీ ఓడోమాస్ గానీ తప్పనిసరిగా పెట్టుకోండి. ఏజెన్సీలో మలేరియా మాటలు కాదు.

బొంగు చికెన్ రెండుచోట్ల తిన్నాం. రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టినచోట ముందే కాల్చి ఉంచింది వేడిచేసి ఇచ్చారు, ముక్క పీచులా ఉంది. రెండోది తాటాకు పాకలో ఒక ఆవిడ చేసింది. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ ముప్పావుగంట కూర్చోబెట్టింది. నూనె చుక్క లేదు. బొంగు చీల్చగానే వచ్చిన ఆ పచ్చి వెదురు వాసన, ఊరిన రసం... అన్నంలో ఆ రసమే కలుపుకుని తిన్నాం. ఆకలిగా ఉన్నా ఆగండి, మీ కళ్లముందు కాల్చినదే తినండి.

రెండోరోజు ఇంకో దారి. తొమ్మిది కిలోమీటర్లకి మళ్లీ వాగు, ఈసారి చప్టా మీంచి పొర్లుతోంది. అవతల గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాయన చెయ్యి అడ్డంగా ఊపారు. మా బావకి దాటాలని ఉంది, నీళ్లు మోకాలి లోతే కనిపిస్తున్నాయి. మాస్టారు కర్ర కూడా తియ్యలేదు. "ఆయన వద్దన్నారు కదండీ" అని బండి తిప్పేశారు. మేమూ తిప్పాం. అరగంటకల్లా పెద్ద వాన పట్టుకుంది.

తిరిగొచ్చిన పది రోజులకి మాస్టారు ఫోన్ చేశారు. మేం పూడ్చిన దారిలో సంత ఆటో వెళ్తోందట. ఒకచోట మాత్రం రాళ్లు కుంగిపోయాయట, ఇంకో పది బుట్టలు పడతాయట. దసరా సెలవుల్లో నలుగురం వెళ్తున్నాం. ఈసారి నాలుగు బళ్లే, వెనకాల రెండు పారలు, ఒక గునపం కట్టుకుని.