నాలుగేళ్లుగా ఒకే వింగ్: 30 పౌండ్ల లిఫ్ట్ ఎవరికి సరిపోతుంది?

స్కూబా డైవింగ్‌లో వీపున కట్టుకుని, గాలి నింపుతూ వదులుతూ తేలుడును సర్దుకునే సంచిని వింగ్ అంటారు. నాలుగేళ్లుగా నా వీపున ఉన్నది 30 పౌండ్ల డోనట్ వింగ్, అంటే గుండ్రంగా చుట్టూ కలిసిపోయే రకం. పూర్తిగా నింపితే నీళ్లలో దాదాపు 13.6 కిలోలను తేల్చి పట్టుకుంటుంది. దీంతో ఇప్పటికి 260 డైవ్‌ల దాకా చేశాను. అన్నీ ఒంటి సిలిండర్‌తోనే. వెచ్చని నీళ్లలో 3 మిల్లీమీటర్ల మందం గల నురగ రబ్బరు సూట్, చల్లని నీళ్లలో 7 మిల్లీమీటర్ల రెండు ముక్కల సూట్. వింగ్ మీద నాకు పూర్తి తృప్తి ఉంది. అయితే ఆ తృప్తిలో కంపెనీ పనితనానిది సగం పాలే. మిగతా సగం దాని సైజు నా సామగ్రికి సరిపోవడం వల్ల వచ్చింది. అంతకుముందు వాడిన వింగ్ గుడ్డ, కుట్టు ఇంతకంటే గట్టివి, అయినా దాన్ని వదిలించుకోక తప్పలేదు.

అది 60 పౌండ్లది, గుర్రపునాడా ఆకారం. ఎక్కువ లిఫ్ట్ ఉంటే ఎప్పటికైనా మంచిదేనని అమ్మినవారు చెబితే నాకూ సబబుగానే తోచింది. నిజానికి అలాంటివి జంట సిలిండర్ల కోసం తయారవుతాయి. ఆ వెడల్పు మీద చక్కగా పరుచుకుంటాయి. ఒకటే సిలిండర్ ఉన్నప్పుడు రెండు అంచులూ పైకి లేచి దాన్ని చుట్టుకుంటాయి, గాలి ఆ మడతల్లో చిక్కుకుంటుంది. ఒకసారి డైవ్ చివర్లో భద్రత కోసం 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సి ఉండగా, కొద్దికొద్దిగా పైకి పోతున్నట్టు అనిపించి నడుము దగ్గరి గాలి వదిలే వాల్వ్ తాడు లాగాను. ఒక్క బుడగ రాలేదు. వాల్వ్ ఎడమవైపు ఉంది, గాలి కుడి మడతలో ఉంది. గుర్రపునాడాకు కింద రెండు వైపులూ కలవవు కాబట్టి అది ఇటు రావడానికి దారి లేదు. నేను పక్కకు ఒరిగి దాన్ని కదిలించేలోపే మీటరు పైకి పోయాను. పైకి పోయేకొద్దీ ఆ గాలి ఇంకా ఉబ్బింది. నిమిషం కూడా ఆగకుండానే నీళ్ల పైకి తేలాను. ఆ రోజు ఒంటికి ఏమీ కాలేదు, కానీ సైజు గురించి కూర్చుని లెక్క వేసింది ఆ తర్వాతే.

వింగ్ చేయవలసిన పనులు రెండే. ఒకటి, నిండు సిలిండర్‌తో సామగ్రినంతా విప్పి నీళ్లలో వదిలితే అది మునగకుండా పట్టుకోవాలి. రెండు, లోతులో సూట్ నలిగి కోల్పోయిన తేలుడును, సిలిండర్‌లోని గాలి బరువును కలిపి మోయాలి. ఈ రెండింటిలో పెద్ద అంకె ఏదో అదే మీ అవసరం. దాని మీద రెండు మూడు కిలోల వెసులుబాటు చాలు. మీ ఒంటి బరువుకు ఇందులో దాదాపు చోటే లేదు. మనిషి శరీరం నీళ్లలో అటూ ఇటుగా తటస్థంగానే ఉంటుంది. లావుగా ఉన్నవారికి పెద్ద వింగ్ కావాలనే సలహా విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

అంకెలు తెలియాలంటే తూచాలి. నేను సూట్‌ను నీళ్లలో బాగా నానబెట్టి, మడతల్లోని గాలి బుడగలన్నీ పోయేదాకా పిండి, చుట్టచుట్టి వల సంచిలో పెట్టాను. ఒక్కో కిలో సీసం వేస్తూ పోయాను. 3 మిల్లీమీటర్ల సూట్ రెండు కిలోలకే మునిగింది. 7 మిల్లీమీటర్లది ఎనిమిది కిలోలకు కూడా నీటి పైన వీపు చూపిస్తూనే ఉంది, తొమ్మిదో కిలో వేశాక మెల్లగా అడుగుకు జారింది. ఆ రెండు సంఖ్యల తేడాయే వింగ్ ఎంపికలో అసలు విషయం.

వెచ్చని నీళ్ల లెక్క తేలిక. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు నీళ్లలో ముప్పావు కిలో లాగుతుంది, ఖాళీ అయ్యాక దాదాపు రెండు కిలోలు తేలుతుంది. వింగ్‌ను బిగించే వీపు స్టీలు ప్లేటు రెండున్నర కిలోలు, సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఒక కిలో, ప్లేటుకు కట్టిన సీసం రెండు కిలోలు. మొత్తం ఆరు కిలోల పైచిల్లర. లోతులో కావలసింది గాలికి 2.7, సూట్‌కు రెండులోపు. అంటే 8 కిలోలు మోసే 18 పౌండ్ల వింగ్ నిక్షేపంగా సరిపోతుంది. నా 30 పౌండ్లది ఇక్కడ కాస్త ఎక్కువే.

చల్లని నీళ్లలో దీన్ని అంచుదాకా పరీక్షించాను. 12 లీటర్ల స్టీలు సిలిండర్ నిండుగా నాలుగు కిలోలు లాగింది. ప్లేటు, రెగ్యులేటర్ కలిపి మూడున్నర. సీసం ఆరు కిలోలూ ప్లేటుకే కట్టాను. కూడితే 13.5. పడవ పక్కన సామగ్రి విప్పి వదలగానే సిలిండర్ వాల్వ్ తల మాత్రం పైన కనబడింది, చిన్న అల వచ్చినా మునిగి లేస్తోంది. గుండె ఝల్లుమంది. పెద్ద వింగ్ కొనాలనే అనిపించింది గానీ, నాలుగు కిలోల సీసం తీసి నడుము బెల్టుకు మార్చాను. సామగ్రి తొమ్మిదిన్నర కిలోలకు దిగి బెండులా తేలింది. సామగ్రి విప్పిన నేను కూడా సూట్ బలంతో తేలుతూనే ఉన్నాను. 30 మీటర్ల లోతులో సూట్ ఆరేడు కిలోల తేలుడు పోగొట్టుకుంటుంది, గాలి మూడు కిలోల పైమాట, కలిపి పది. అక్కడా వింగ్ నిలబడింది. ఒకవేళ వింగ్ చిరిగితే? పది కిలోల భారంతో కాళ్లాడించి పైకి రావడం కష్టం. అందుకే విడిచేయగలిగిన బెల్టు ఉండటం నాకు మరింత ధైర్యం.

మన్నిక సంగతి. రెండో ఏడాది కింది వాల్వ్ నుంచి సన్నగా బుడగలు కారాయి. విప్పి చూస్తే రబ్బరు కింద ఇసుక రేణువు. మంచినీళ్లతో కడిగి బిగిస్తే సరిపోయింది. ఉప్పు నీళ్ల డైవ్ అయ్యాక లోపల కూడా మంచినీళ్లు పోసి ఊపి వంపుతాను. వింగ్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్‌లో ఉప్పు పేరుకుంటే అది నొక్కుకుపోయి దానంతటదే గాలి నింపుతుంది, అది మహా ప్రమాదం.

జంట సిలిండర్లు వాడేవారు దీన్ని కొనవద్దు. ఎప్పుడూ వెచ్చని నీళ్లలోనే దిగేవారు 18, 20 పౌండ్లది చూడండి, ఇంకా తేలిగ్గా కదులుతారు. ఒంటి సిలిండర్‌తో రెండు రకాల నీళ్లలోనూ దిగే నాలాంటి వారికి 30 సరైన అంకె. కొందరు తయారీదారులు న్యూటన్లలో రాస్తారు, సుమారుగా పదితో భాగిస్తే కిలోలు వస్తాయి.

మరొకటి, సూట్ ఏళ్లు గడిచేకొద్దీ తేలుడు పోగొట్టుకుంటుంది. తొమ్మిది కిలోలకు మునిగిన నా సూట్ ఈ ఏడాది ఏడున్నరకే మునిగింది. ఆ కిలోన్నర సీసం బెల్టులోంచి తీసేశాను.