సినగాగ్ లైబ్రరీ: కొన్నేళ్ళు వాడాక నా అభిప్రాయం

న్యూజెర్సీలో మేముండే ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీ పెద్దదే. తెలుగు పుస్తకాలకు కూడా ఒక ర్యాక్ ఇచ్చారు. యూదుల మతం గురించి చదవాలంటే మాత్రం అక్కడ దొరికేది ఒక షెల్ఫు, అందులోనూ సగం హిట్లర్ కాలం గురించే. మా ఆఫీసులో ఒక యూదు స్నేహితుడు, "మా సినగాగ్‌లో లైబ్రరీ ఉంది, ఎవరైనా రావచ్చు, అడిగేవాళ్ళే లేరు" అంటే, యూదుల ప్రార్థనా మందిరమైన ఆ సినగాగ్‌కు వెళ్ళడం మొదలుపెట్టాను. కోవిడ్‌లో మూసేసిన రోజులు తప్పిస్తే ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. సినగాగ్ పేరు రాయను. ఇందులో కొన్ని ఫిర్యాదులున్నాయి, వాటిని పడాల్సింది పైసా జీతం లేకుండా పనిచేసే పెద్దవాళ్ళు. పైగా అమెరికాలో చాలా సినగాగుల్లో ఇలాంటి గది ఒకటి ఉంటుంది, మీ దగ్గర ఉన్నదీ ఇంచుమించు ఇలాగే ఉండొచ్చు.

నాకు దీని మీద ఆసక్తి ఎందుకంటే, మాది గుంటూరు జిల్లా. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. తెలుగే మాట్లాడతారు, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అంటారు, శనివారం విశ్రాంతి దినంగా పాటిస్తారు, సొంత సినగాగ్ కూడా ఉంది. మా అమ్మ తరఫువాళ్ళు క్రైస్తవులు కాబట్టి మోషే, దావీదు, యోబు కథలు నాకు చిన్నప్పుడే నోటికొచ్చు. అదే గ్రంథాన్ని యూదులు ఎలా చదువుతారన్నదే నా కుతూహలం.

గది చిన్నది. పిల్లల హీబ్రూ బడి జరిగే వరండా చివర ఉంటుంది. ఆదివారం పొద్దున బడి నడిచినంతసేపూ తెరుస్తారు, వారం మధ్యలో ఒక సాయంత్రం కూడా. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో దుండగుడు 11 మందిని కాల్చి చంపాక ఇక్కడ తలుపులన్నీ లాక్ వేసే ఉంచుతున్నారు. బజర్ నొక్కాలి, కెమెరాలో మొహం చూపించాలి, ఎందుకొచ్చామో చెప్పాలి. మొదట్లో కాస్త టెన్షన్‌గా ఉండేది. ఇప్పుడు సెక్యూరిటీ గార్డే పలకరిస్తాడు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ముందు రోజు ఆఫీసుకు ఈమెయిల్ పెడితే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు.

శనివారం సంగతి విడిగా చెప్పాలి. ఆ రోజు ప్రార్థనకు భవనం నిండా జనం ఉంటారు, లైబ్రరీ తలుపు కూడా తీసే ఉంటుంది. కూర్చుని ఎంతసేపైనా చదువుకోవచ్చు. పుస్తకం ఇంటికి మాత్రం ఇవ్వరు. శబ్బాతు రోజున రాయకూడదు కాబట్టి రిజిస్టరులో ఎక్కించేవాళ్ళు ఉండరు. మీరు పెన్ను తీసి నోట్సు రాసుకోబోతే ఎవరూ ఏమీ అనరు గానీ, ఆ గదిలో అలా చేయకపోవడమే మర్యాద.

పుస్తకాల అమరిక నాకు బాగా నచ్చింది. మామూలు లైబ్రరీల్లో వాడే డ్యూయీ పద్ధతిలో మతాలన్నిటికీ 200 నుంచి 299 దాకా నంబర్లు. అందులో 220 నుంచి 289 వరకు బైబిలుకూ క్రైస్తవానికీ పోగా, యూదు మతానికి మిగిలేది ఒక్క 296. సినగాగ్ లైబ్రరీ ఆ పద్ధతి పాటిస్తే గదిలో మూడొంతుల పుస్తకాల వీపు మీద అదే నంబరు ఉంటుంది. అందుకని ఇక్కడ యూదు పుస్తకాల కోసమే తయారుచేసిన ఎలాజర్ పద్ధతి వాడతారు. ఇందులో మొదటి వంద నంబర్లూ బైబిలువి, తర్వాతి వంద తాల్మూద్ (రబ్బీల, అంటే యూదు మతగురువుల, చర్చల పెద్ద సంకలనం), ధర్మశాస్త్రాలవి, 200లలో పండుగలు, ఆచారాలు, 700లలో చరిత్ర, 800లలో ఇజ్రాయెల్. గది చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, ఈ సంప్రదాయంలో ఏది దేని మీద ఆధారపడిందో కళ్ళకు కడుతుంది. ఏ పరిచయ గ్రంథం చదివినా నాకింత తేలిగ్గా అర్థం కాలేదు.

కంప్యూటర్ కాటలాగు మాత్రం దండగ. ఒకే పండుగ పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. హనూకా గురించి వెతికితే ఒక స్పెల్లింగుకు పిల్లల కథలు, ఇంకోదానికి చరిత్ర పుస్తకాలు వస్తాయి. 'ఉంది' అని చూపించే పుస్తకాల్లో కొన్ని ఏళ్ళ కిందట ఎవరింటికో వెళ్ళి అక్కడే స్థిరపడ్డాయి. జరిమానాలు లేవు, అడిగేందుకు మొహమాటం. మనుషులనే అడగడం మేలు. ఆదివారం ఉండే పెద్దావిడ స్కూల్ లైబ్రేరియన్‌గా రిటైరైంది. ఏ పుస్తకం ఏ గోడకుందో ఆవిడకు నోటి లెక్క. నేను మొదటిసారి వెళ్ళి నేరుగా తాల్మూద్ కావాలంటే, పిర్కే ఆవోత్ అన్న సన్నటి పుస్తకం చేతిలో పెట్టి, "ముందు ఇది చదివి రా నాయనా, తాల్మూద్ ఎక్కడికీ పోదు" అన్న ధోరణిలో పంపేసింది. మోషే సీనాయి కొండ మీద ధర్మశాస్త్రం అందుకుని యెహోషువకు ఇచ్చాడు, యెహోషువ పెద్దలకు ఇచ్చాడు, వాళ్ళు ప్రవక్తలకు ఇచ్చారు అంటూ గురుపరంపరతో మొదలవుతుంది ఆ పుస్తకం. ఆవిడ సలహా సరైనదేనని తర్వాత తాల్మూద్ తెరిచినప్పుడు అర్థమైంది.

బైబిలు షెల్ఫు దగ్గర తెలుగు బైబిలు చదివినవాళ్ళకు ఒక ఆశ్చర్యం కాచుకుని ఉంటుంది. మన పాత నిబంధనలో 39 పుస్తకాలు, వీళ్ళ లెక్కలో 24. పోయిందేమీ లేదు. సమూయేలు రెండూ కలిపి ఒకటి, రాజులు ఒకటి, హోషేయ నుంచి మలాకీ దాకా పన్నెండు మందీ కలిపి ఒకటి. దానియేలు ప్రవక్తల వరుసలో ఉండడు, చివరి భాగంలో ఉంటాడు. మనది మలాకీతో ముగిస్తే, వీళ్ళది దినవృత్తాంతములతో, అంటే పారసీక రాజు కోరెషు యూదులను యెరూషలేముకు తిరిగి వెళ్ళమన్న ప్రకటనతో ముగుస్తుంది. వాక్యాలు అవే, వరుస మారేసరికి కథ ఆగే చోటు మారిపోయింది. ఇది తెలిశాక నేను దినవృత్తాంతములు మళ్ళీ చదివాను. చిన్నప్పుడు వంశావళులని దాటేసిన పుస్తకం అది.

అసలు లాభం షెల్ఫుల్లో కాదు, గది మధ్యలో ఉన్న బల్ల దగ్గర. ఆదివారం పిల్లలు క్లాసులో ఉండగా అయిదారుగురు పెద్దవాళ్ళు అక్కడ తాల్మూద్ చదువుతారు. ఒకాయన దంతవైద్యుడు, ఒకావిడ లాయరు, మిగతావాళ్ళు రిటైరైనవాళ్ళు. నన్ను కూర్చోమన్నారు. 1880లలో విల్నాలో అచ్చయిన తాల్మూద్ ప్రతిలోని పేజీ అమరికనే ఇప్పటికీ అందరూ అనుసరిస్తారు. మధ్యలో మూలం, కుట్టు వైపున పదకొండో శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రాషీ వ్యాఖ్య, బయటి అంచున ఆయన మనుమలూ వాళ్ళ శిష్యులూ రాసిన తోసాఫోత్ అనే వ్యాఖ్యలు. తాతగారి మాటను మనుమలు అదే పేజీలో ఖండిస్తుంటారు. నాకు హీబ్రూ అక్షరాలు కూడబలుక్కోవడం వరకే వచ్చు, తాల్మూద్‌లో ఎక్కువ భాగం అరమాయిక్ భాషలో ఉంటుంది. స్టైన్‌సాల్ట్స్ సంపుటాల ఇంగ్లీషు అనువాదమే నాకు దిక్కు.

మేము చదివినవాటిలో, తాల్మూద్‌లో బావా మెట్సియా అనే భాగం రెండో అధ్యాయం గురించి చెబుతాను. దారిలో వస్తువు దొరికితే ఎవరిది? చెల్లాచెదురుగా పడిన నాణేలు, పళ్ళు దొరికినవాడివే. అదే డబ్బు సంచిలో ఉంటే, పళ్ళు బుట్టలో ఉంటే చాటింపు వేయాలి, పోగొట్టుకున్నవాడు గుర్తులు చెప్పి తీసుకోవచ్చు కాబట్టి. రబ్బీ యెహూదా అభ్యంతరం: ఏదైనా వింత గుర్తు ఉంటే, ఉదాహరణకు రొట్టెలో డబ్బు దాచి ఉంటే, అప్పుడూ చాటాలి. ఇంతవరకు తేలికే. ఆ తర్వాత గెమారా, అంటే ఈ నియమాల మీద తాల్మూద్‌లో వచ్చే చర్చ, అడుగుతుంది: చెల్లాచెదురు అంటే ఎంత చోటులో ఎన్ని పళ్ళు? అక్కణ్ణుంచి అబయే, రావా అనే ఇద్దరు పండితుల వాదన. సొంతదారుడికి తన వస్తువు పడిపోయిందనే ఇంకా తెలియదు, తెలిస్తే ఆశ వదులుకునేవాడే. మరి వదులుకున్నట్టా, కాదా? వదులుకున్నట్టే అంటాడు రావా, కాదంటాడు అబయే. మామూలుగా ఇద్దరికీ తేడా వస్తే రావా మాటే చెల్లుతుంది. అబయే గెలిచినవి ఆరే ఆరు, అందులో ఇదొకటి. లాయరమ్మ రావా పక్షం, దంతవైద్యుడు అబయే పక్షం. రెండు ఆదివారాలు వాదించుకున్నారు, పక్క గది టీచరు వచ్చి పిల్లలకు వినబడట్లేదు, కాస్త మెల్లగా అనేదాకా.

రోజుకొక పేజీ చొప్పున ఏడున్నరేళ్ళలో 2,711 పేజీలూ చదివే దఫ్ యోమీ అనే పద్ధతి 1923లో మొదలైంది, ప్రపంచమంతటా ఒకే రోజు ఒకే పేజీ చదువుతారు. మా బల్లకు అంత తొందర లేదు. ఒక పేజీకి నెల పట్టిన సందర్భాలున్నాయి. వేగంగా ముగించాలనుకునేవాళ్ళకు ఈ గుంపు పనికిరాదు, విసుగొస్తుంది.

ఇదంతా సెఫారియా సైటులో ఉచితంగా దొరుకుతుంది కదా, వెళ్ళడం ఎందుకంటారా? మూలం దొరుకుతుంది, నేనూ ఫోనులో అదే తెరుస్తాను. కానీ ఎక్కడ తికమకపడాలో ఫోను చెప్పదు. నాకు తేలిగ్గా తోచిన వాక్యం దగ్గరే వీళ్ళు ఆగిపోయి, "ఈ ముక్క ఇక్కడ ఎందుకు చెప్పాల్సి వచ్చింది?" అని మొదలుపెడతారు.

పుస్తకాలను వాళ్ళు పట్టుకునే తీరు మన ఇళ్ళను గుర్తుకు తెస్తుంది. పవిత్ర గ్రంథం కింద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు, మనం కాలు తగిలితే కళ్ళకద్దుకున్నట్టు. తోరా (మోషే అయిదు గ్రంథాలు) మీద ఇంకో పుస్తకం పెట్టరు, తెరిచిన పుస్తకాన్ని బోర్లించరు. దేవుడి పేరున్న పాత పుస్తకాలు చిరిగిపోయినా చెత్తలో వేయరు. తలుపు వెనక అట్టపెట్టెలో పోగేసి, నిండాక శ్మశానంలో పాతిపెడతారు. కైరో పాతబస్తీలోని సినగాగ్‌లో ఇలా పోగేసిన కాగితాల గుట్టనే 1890లలో సోలొమన్ షెక్టర్ అనే పండితుడు కేంబ్రిడ్జికి తరలించాడు. పన్నెండో శతాబ్దంలో మంగళూరులో కాపురముండి వ్యాపారం చేసిన బెన్ యిజూ అనే యూదు వర్తకుడి ఉత్తరాలు కూడా అందులోంచి బయటపడ్డవే. ఆ ఉత్తరాల ఇంగ్లీషు అనువాదం ఈ లైబ్రరీలో ఉంది, నేను తీసుకునేదాకా దాని వీపు కూడా విరగలేదు.

భారతదేశం షెల్ఫు బలహీనం. కొచ్చిన్ మీద బొమ్మల పుస్తకాలు, ముంబై బెనె ఇశ్రాయేలు మీద రెండు మూడు, అంతే. బెనె ఎఫ్రాయిమ్ మీద 2013లో ఒక పరిశోధన గ్రంథం వచ్చింది. తెప్పించమని చీటీ రాసి పెట్టాను. ఇక్కడ పుస్తకాల బడ్జెట్ అంటే ఎవరైనా పెళ్ళికో, పోయినవాళ్ళ జ్ఞాపకార్థమో ఇచ్చే విరాళాలే. చివరికి మా అమ్మమ్మ పేరున నేనే కొనిచ్చాను. లోపలి అట్ట మీద ఆవిడ పేరు ఇంగ్లీషులో టైపు చేసి అంటించారు, ఒక అక్షరం తప్పుతో.

విరాళాల వల్ల ఇంకో చిక్కు ఉంది. ఎవరో చనిపోతే పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తూ డబ్బాలకు డబ్బాలు తెచ్చి పడేస్తారు. 1971-72లో వచ్చిన 16 సంపుటాల ఎన్‌సైక్లోపీడియా జుడాయికా ఇక్కడ రెండు సెట్లుంది. 2007లో వచ్చిన 22 సంపుటాల కొత్త ప్రతి ఒక్కటీ లేదు. పాతవి తీసేయమంటే ఎవరి మనసు నొప్పిస్తామోనని భయం. ఆ అరలు ఖాళీ అయితే కొత్త పుస్తకాలకు చోటు దొరుకుతుంది.

పిల్లలున్నవాళ్ళు వాళ్ళ మూల తప్పక చూడండి. యూదు బాలసాహిత్యానికిచ్చే సిడ్నీ టేలర్ అవార్డు వచ్చిన పుస్తకాలు ఏ ఏటికాయేడు తెప్పిస్తారు. గదిలో కొత్త పుస్తకాలు కచ్చితంగా దొరికేది అక్కడే. మా అమ్మాయి నాకంటే ఎక్కువ తెచ్చుకుంది.

సభ్యులు కానివాళ్ళకు ఒకసారికి రెండు పుస్తకాలే ఇస్తారు, తాల్మూద్ సంపుటాలు ఎవరికీ బయటికివ్వరు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెళ్ళదలిస్తే యూదు క్యాలెండరు చూసుకుని బయల్దేరండి. కొత్త సంవత్సరం, యోమ్ కిప్పూర్, పర్ణశాలల పండుగ వరుసగా వచ్చి దాదాపు నెలంతా మూతే. వేసవిలో బడి ఉండదు కాబట్టి ఆదివారాలూ ఉండవు. ఆ పెద్దావిడకు ఈ మధ్య మోకాళ్ళ నొప్పులు, ఆవిడ రాని రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆఫీసుకే తెలియదు. ఫోన్ చేసి వెళ్ళండి.